మంచం పట్టని లిఫ్టు

వెనెత షోపోవాకు కోపమెక్కువని ప్లోవ్‌దివ్ నగరంలో ఇళ్ళు కట్టేవాళ్ళందరికీ తెలుసు. ఆ కోపం దేనిమీదో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. డబ్బు తగలేసేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. డబ్బు మిగిల్చామని చంకలు గుద్దుకునేవాళ్ళంటే అంతకు రెట్టింపు మంట. ఈ రెండు రకాల మనుషుల మధ్యే ఆమె ఉద్యోగమంతా గడిచింది. ఆమె ఎంత మెల్లగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టే ఉండేది. నిజానికి చాలాసార్లు అది పోట్లాటే.

చదువైన కొత్తలో ప్రభుత్వ నమూనాల ఆఫీసులో చేరింది. ఆ రోజుల్లో సిమెంటు ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ పని చేసినట్టు లెక్క. ఒక దూలం సరిపోయేచోట రెండు వేసేవాళ్ళు. ఎందుకయ్యా అంటే పక్క ఊళ్ళోనూ రెండే వేశారు అనేవాళ్ళు. గోదాము గోడలు కోటగోడల్లా ఉండేవి, పక్కనే పసిపిల్లల ఆసుపత్రి కిటికీల్లోంచి చలిగాలి ఈలలు వేసేది. ఇదేం ప్రణాళిక, ఇదేం బుద్ధి అని ఆమె మీటింగులోనే అడిగేసింది. దాంతో కొన్నాళ్ళు పాత నక్షాల గదిలోకి తోశారు.

ఆ కమ్యూనిస్టు పాలన పోయాక ప్రైవేటు కంపెనీలు వచ్చాయి, వాటితోపాటు 'వాల్యూ ఇంజనీరింగ్' అనే పేరూ వచ్చింది. పేరు కొత్తదే గాని, వెనెత అన్నాళ్ళూ నోరు నొప్పెట్టేలా చెప్పింది అదే. కట్టబోయే ఇంట్లో ప్రతి వస్తువునూ ముందు పెట్టుకుని, నువ్వేం పని చేస్తావు అని అడగాలి. అదే పని తక్కువ ఖర్చుతో చేసే దారి ఉందేమో వెతకాలి. పని పోకూడదు, దండగ పోవాలి. ఇంతే దాని సారం. ఇందులో సగం విని పరిగెత్తేవాళ్ళ వల్లే ప్రపంచం ఇలా తగలబడిందని ఆమె అభిప్రాయం.

ఆ పనితో ఎంత మేలు జరుగుతుందో చూడాలంటే కొండ దిగువన ఉన్న బడి చూడాలి. పిల్లల ఆటల గదికి ఒక పేరుమోసిన ఆర్కిటెక్టు వంపులు తిరిగిన అద్దాల కప్పు గీశాడు. బొమ్మలో బ్రహ్మాండంగా ఉంది. ఈ కప్పు ఏం చేస్తుంది అని వెనెత అడిగింది. వెలుగునిస్తుంది అన్నాడాయన. ఉత్తరం వైపు ఎత్తులో మామూలు కిటికీలు పెట్టి, పైన రేకుల కప్పు వేస్తే అదే వెలుగు, పైగా ఎండ కళ్ళలో పడదు, మంచు పేరుకోదు. మిగిలిన సొమ్ముతో బడి లోపల మరుగుదొడ్లు కట్టించింది. అప్పటిదాకా ఆ పిల్లలు మంచులో పెరడు దాటి వెళ్ళేవాళ్ళు. ఆర్కిటెక్టు ఏడాదిపాటు ఆమెతో మాట మానేశాడు. తర్వాత ఒకసారి ఆ బడికి వెళ్ళి చూసొచ్చి, రేగుపళ్ళ సారా, రకియా సీసా ఒకటి పంపించాడు. అందులో మీకు నామీద కోపం లేకపోతే తాగండి అని చీటీ కూడా పెట్టాడు. ఆమె తాగింది.

తన కింద చేరిన కుర్రవాళ్ళకు ఆమె ఒక పద్ధతి నేర్పేది. వస్తువు చేసే పనిని రెండే మాటల్లో చెప్పాలి. తలుపు ఏం చేస్తుంది? దారిని మూస్తుంది. చూరు ఏం చేస్తుంది? వానను నెడుతుంది. మాటలు ఎక్కువైతే అందులో గొప్పలు దూరతాయని, రెండు మాటల్లో అబద్ధం పట్టదని ఆమె నమ్మకం. రెండు మాటల్లోనూ అబద్ధం సుబ్బరంగా పడుతుందని తర్వాత తెలిసింది.

ఆమె దగ్గర ఈ పద్ధతి అందరికన్నా బాగా పట్టుకున్నవాడు యావోర్. చురుకైనవాడు, ఎదుటివాళ్ళకు ఏది వినాలని ఉందో పసిగట్టగలవాడు. 'వెనెతక్కా, వెనెతక్కా' అంటూ ఆమె వెనకే తిరిగి పని నేర్చుకున్నాడు. తర్వాత ఆమెకే పై అధికారి అయ్యాడు. దానికి ఆమె బాధపడలేదు. వాడు గదిలో హీటర్లు తగ్గించనంతవరకూ ఏ కుర్చీలో కూర్చుంటే నాకేం అనేది.

వాళ్ళు పనిచేసే కంపెనీకి రోదోపీ కొండల్లో ఒక ఊళ్ళో వృద్ధాశ్రమం పని వచ్చింది. కట్టిస్తున్నది కోస్తాదిన్ అనే ఆయన. మునిసిపాలిటీ స్థలమిచ్చింది, ఆయన డబ్బు పెడుతున్నాడు, తర్వాత ఆశ్రమం నడిపేదీ ఆయనే. మూడంతస్తులు. మంచం దిగలేనివాళ్ళ గదులు పై అంతస్తులో. అక్కడ చప్పుడు ఉండదు, కొండ కనబడుతుంది. వాళ్ళను తోటలోకి దింపడానికి, మంచంతో సహా పట్టే పెద్ద లిఫ్టు. ఆ లిఫ్టును వెనెతే నక్షాలోకి తెచ్చింది. పైకప్పుకు రాగిరేకు తీసేయించి పెంకు వేయించింది, ఉత్తపుణ్యానికి గీసిన రెండో వరండా తీసేయించింది, వంటగదిని కిందికి దించి గొట్టాల పొడవు సగం చేసింది. ఆ మిగులులోంచే పెద్ద లిఫ్టు వచ్చింది.

ఆ పని సగంలో ఉండగా ఆమె భర్త మారిన్ చనిపోయాడు. వాళ్ళుండేది కాంక్రీటు పలకలు పేర్చి కట్టిన పాతకాలపు భవనంలో, ఏడో అంతస్తులో. లిఫ్టులో ముగ్గురు ఊపిరి బిగబట్టి నిలబడాలి. పక్షవాతం వచ్చాక మారిన్ బాల్కనీలోంచి కిందికి చూస్తూ, అదిగో పక్కింటి పెంకో వేయించిన బెంచీ, దాని మీద కూర్చుని ఎన్నాళ్ళయిందో అనేవాడు. మొదట్లో ఇరుగుపొరుగు కుర్చీతో సహా మోసి దింపేవాళ్ళు. ఎన్నిసార్లని అడుగుతుంది? వాళ్ళకూ నడుములున్నాయి. చివరికి అతను కిందికి దిగింది శవపేటికలోనే. మెట్ల మలుపుల్లో పేటిక తిరగక, దాన్ని నిలువుగా ఎత్తి పట్టుకుని దింపారు. వెనెత వెనకాల నడుస్తూ, లోపల మనిషి నిలబడి ఉన్నాడన్న ఆలోచన తోసేసుకోలేక, ఆ భవనం గీసినవాణ్ణి ప్రతి మెట్టు మీదా తిట్టింది.

నలభయ్యో రోజు గోధుమల ప్రసాదం పంచి, వీధి తలుపు మీద మారిన్ బొమ్మతో సంస్మరణ కాగితం అంటించి, ఆమె పనిలోకి తిరిగొచ్చింది. కొండ ఊరికి వెళ్ళి చూస్తే లిఫ్టు గొయ్యి చుట్టూ కాంక్రీటు గోడలు అప్పటికే లేచి ఉన్నాయి. చూడగానే తెలిసింది, అందులో మంచం పట్టదు. మంచం కాదుకదా, కాళ్ళు చాపుకున్న మనిషి పట్టడు.

"ఇదేంటి?" అని అడిగింది యావోర్‌ని.

"మీరు లేనప్పుడు మీటింగు పెట్టాల్సొచ్చిందక్కా. ఇనుము రేటు పెరిగింది, కోస్తాదిన్ గారు ఆపేస్తానన్నారు. మీ పద్ధతిలోనే చేశాం. లిఫ్టు ఏం చేస్తుంది? మనుషుల్ని మోస్తుంది. చిన్నదీ మోస్తుందిగా."

"ఏ మనుషుల్ని?"

యావోర్ చేతిలోని నక్షాను చుట్టసాగాడు.

"నిలబడే మనుషుల్నా, పడుకునే మనుషుల్నా? ఇది ఎవరి కోసం కడుతున్నార్రా? పెళ్ళివారి కోసమా?"

"రెండు మాటల్లో చెప్పమన్నది మీరే కదక్కా."

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడన్నదాంట్లో అబద్ధం లేదు, అదే ఆమెను మండించింది. వాడు మోసం చేసుంటే చెంప పగలగొట్టొచ్చు. వాడు పాఠం అప్పజెప్పాడు. మంచం మీది మనిషిని మర్చిపోయి పాఠం మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

ఆమె తిన్నగా కోస్తాదిన్ దగ్గరికి వెళ్ళింది. ఆయన రాక్షసుడేం కాదు, అది చెప్పాలి. కాఫీ తెప్పించాడు, మారిన్ ఆత్మకు శాంతి కలగాలన్నాడు.

"వెనెత గారూ, నాకు తెలియక కాదు. కాని నేను ఖర్చు తగ్గించకపోతే అసలు ఈ ఆశ్రమమే లేదు. అప్పుడు మీ మంచాలవాళ్ళు ఎక్కడుంటారు? ఇళ్ళల్లో ఒంటరిగా. పిండి కొద్దీ రొట్టె. చిన్న లిఫ్టుకు చట్టం కూడా ఒప్పుకుంది."

"మరి నక్షాలో గుమ్మానికి రాసిన పాలరాయి మాత్రం ఎలా మిగిలింది?"

"అదా. అది..." ఆయన నసిగాడు. "దాని పని కూడా రాశారు మీవాళ్ళు. మనుషుల్ని ఆకట్టుకుంటుంది అని."

"ముసలివాళ్ళు చావడానికి వచ్చేచోట ఎవర్ని ఆకట్టుకోవాలి?"

"వాళ్ళ పిల్లల్ని. నెల నెలా కట్టేది వాళ్ళు కదమ్మా."

వెనెత కాఫీ ముట్టకుండా లేచింది. రాత్రికిరాత్రి గోడలు పడగొట్టమంటే ఎవడూ వినడని ఆమెకు తెలుసు. గొయ్యి కాంక్రీటు, దానిమీదే భవనం బిగుసుకుని నిలబడుతుంది, ఇప్పుడు దాన్ని కదిలిస్తే నిజంగానే ఆశ్రమం ఆగిపోతుంది. కోపం వచ్చినంత మాత్రాన లెక్క మర్చిపోయే మనిషి కాదామె. వారం తిరక్కుండా ఇంకో దారి పట్టుకొచ్చింది. మంచం పట్టినవాళ్ళను కింది అంతస్తులో పెట్టండి. తలుపు తీస్తే తోట. వాళ్ళకు లిఫ్టే అక్కర్లేదు. కింద పెట్టాలనుకున్న ఆఫీసులు, డైరెక్టరు గది, అతిథుల హాలు పైకి పంపండి. ఆఫీసువాళ్ళు నిలబడగలరు, చిన్న లిఫ్టు వాళ్ళకు చాలు. గోడలు కొద్దిగా అటూ ఇటూ మారడం తప్ప ఖర్చే లేదు.

ఇంతకన్నా మంచి వాల్యూ ఇంజనీరింగ్ ఎవరూ చెయ్యలేరని యావోరే ఒప్పుకున్నాడు. కోస్తాదిన్ నక్షా చూసి పక్కన పెట్టాడు.

"గుమ్మంలో అడుగుపెట్టగానే మంచాలా? నోళ్ళు తెరుచుకుని పడుకున్న మనుషులా? ఎవరైనా వాళ్ళ అమ్మను తీసుకొచ్చి ఇక్కడ చేరుస్తారా? వాళ్ళు పైనుండడమే మేలు, వెనెత గారూ."

కనబడకుండా ఉండడమే మేలు అని ఆయన ఉద్దేశం. నెలరోజులు ఆమె చెప్తూనే ఉంది. దున్నపోతు మీద వాన కురిసినట్టయింది. కప్పు దూలాలు లేచాయి.

మా వైపు ఇంటికి కప్పు నిలబెట్టిన రోజు చిన్న పండగ. గొర్రెను నిప్పుల మీద తిప్పుతారు. ఇంటివాళ్ళు, చుట్టాలు, ఊరివాళ్ళు మేస్త్రీలకు చొక్కాలు, తువ్వాళ్ళు తెస్తారు. వాటిని నడికొప్పు దూలానికి కట్టిన చెక్క శిలువ పక్కన వరసగా వేలాడదీస్తారు. పెద్ద మేస్త్రి పైన నిలబడి, ఎవరు ఏం తెచ్చారో వాళ్ళ పేరుతో ఊరంతా వినేలా దీవెన కేకవేస్తాడు. కప్పు మీంచి అన్న మాట జరిగి తీరుతుందని అందరికీ లోపల్లోపల నమ్మకమే. రాజధాని సోఫియాలో చదువుకొచ్చినవాళ్ళు కూడా ఆ కాసేపు నవ్వు ఆపుకుని నిలబడతారు.

ఆ రోజు పొద్దున్నే వెనెత పెద్ద మేస్త్రి స్పాస్‌ను వెతుక్కుంటూ పైకి ఎక్కింది. స్పాస్ దూలం మీద కూర్చుని చొక్కాలకు తాళ్ళు కడుతున్నాడు.

"మీదేది ఇంజనీరమ్మా? చొక్కా తేలేదా?"

"తేలేదు. ఈ ఇంటికి నేను చొక్కా కట్టను."

"కోపమా?"

"కోపం కాక. కోస్తాదిన్‌కు ఏమని కేకేస్తావు మేస్త్రీ?"

"ఏముంది, నూరేళ్ళు బతకాలని. అందరికీ అదేగా."

"నూరేళ్ళు బతకనీ. ఎక్కడుండి బతుకుతాడో కూడా చెప్పరాదూ."

స్పాస్ ఆమె ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా ఇంకో ముడి వేశాడు.

ఆమె ఆ మేస్త్రినే నమ్ముకుని కూర్చోలేదు. ఊరి ఆసుపత్రి సామాను గదిలోంచి చక్రాల ఇనప మంచం ఒకటి అడిగి తెచ్చింది. అతిథులు వచ్చే వేళకు లిఫ్టు గొయ్యి అడుగున చెక్కలు పరిచి, మంచాన్ని దాని ముందు పెట్టింది. యావోర్ కొత్త కోటు వేసుకుని వచ్చాడు.

"యావోర్, పడుకో."

"అక్కా, అందరూ చూస్తున్నారు."

"చూడాలనే. పడుకో."

వద్దని వాదించడం కన్నా పడుకోవడమే తేలికని వాడికి అనుభవం. బూట్లతోనే పడుకున్నాడు. ఆమె మంచాన్ని గొయ్యిలోకి తోసింది. సగం లోపలికి పోయి ఆగింది. యావోర్ కాళ్ళు బయట మిగిలాయి. అతిథులు నవ్వారు. వెనెత నవ్వలేదు.

"ఏం కనబడుతోంది?"

"ఇక్కణ్ణించి పైన కాంక్రీటు తప్ప ఏం కనబడదక్కా," అన్నాడు యావోర్. మొదట నవ్వుతూనే మొదలెట్టాడు గాని, చివరికి నవ్వడం మానేశాడు.

కోస్తాదిన్ వచ్చి ఆమె భుజం తట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళతో, "పాపం, భర్త పోయి ఎన్నాళ్ళో కాలేదు. మనసు ఇంకా కుదుటపడలేదు," అన్నాడు. జాలిగానే అన్నాడు. పుండు మీద కారం చల్లడానికి జాలికి మించింది లేదు. వెనెత అతని చెయ్యి తీసేసింది.

"నా మనసు బాగానే ఉంది. మీ లిఫ్టు బాగాలేదు."

అప్పటికే అందరూ బయటికి నడిచారు. పైన స్పాస్ టోపీ తీసి చేతబట్టుకుని నిలబడ్డాడు. మేయరు పేరు చెప్పాడు, తువ్వాలు తెచ్చిన పక్కింటివాళ్ళ పేర్లు చెప్పాడు, వాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలన్నాడు. చివరికి అన్నిటికన్నా తెల్లటి చొక్కా దగ్గరికి వచ్చాడు.

"ఇదిగో పట్టు చొక్కా, తెచ్చినవాడు కోస్తాదిన్ బాబు. దేవుడు అతన్ని నూరేళ్ళు బతికించాలి. తొంభై దాటాక కాళ్ళు ఆడకపోతే ఈ ఇంట్లోనే చల్లగా పడుకోవాలి. పై అంతస్తులో, కొండవైపు గదిలో, హాయిగా, ఆఖరి రోజుదాకా."

కింద జనం దీవెనకు 'ఆమెన్' అనాలి. ఎవరూ అనలేదు. ఒక ముసలావిడ మాత్రం శిలువ గుర్తు వేసుకుంది. కోస్తాదిన్ ముఖం చూస్తే నెత్తురు చుక్కలేదు. కాసేపు పైకీ కిందికీ చూశాడు, నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"మేస్త్రీ, ఆ మాట వెనక్కి తీసుకో."

"కప్పు మీది మాట వెనక్కి రాదు బాబూ. చెడ్డమాటేమన్నాను? నూరేళ్ళన్నాను, మీరు కట్టిన ఇంట్లోనే అన్నాను."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. గొర్రె మాడుతున్న వాసన వస్తున్నా తిప్పేవాడు తిప్పడం మర్చిపోయాడు. లోపల గొయ్యిలోకి సగం తోసిన మంచం దగ్గరికి కోస్తాదిన్ నడిచి వచ్చాడు. వెనెత అక్కడే నిలబడి ఉంది.

"సరే. మంచాలు కిందే పెట్టండి. ఆఫీసులు పైకి పంపండి. మీ నక్షాయే కానివ్వండి. ఇప్పుడైనా సంతోషమా?"

ఆమెకు సంతోషం కలగాలి. అడిగింది దొరికింది. కాని కోపం ఇంకా పెద్దదైంది. నెలరోజులు గీసి చూపించింది, లెక్కలు చెప్పింది, బతిమాలింది కూడా. అవేవీ ఎక్కలేదు. ఒక్క కేక ఎక్కింది.

"లేదు," అంది. "వాళ్ళు పడుకుంటారంటే మీకు పట్టలేదు. మీరు పడుకుంటారనేసరికి పట్టింది. దీనికి సంతోషమేమిటి?"

ఆమె యావోర్ వైపు తిరిగింది. వాడు కోటు దులుపుకుంటున్నాడు.

"మళ్ళీ పడుకో."

"మళ్ళీనా అక్కా?"

"డైరెక్టరు గదిలోకి. మంచం మీద మొదట ఎవరో ఒకరు పోవాలిగా."

వాడు పడుకున్నాడు. ఆమె మంచాన్ని నడవలోంచి తోసుకుంటూ పోయింది. కోస్తాదిన్, మేయరు, పళ్ళాలు పట్టుకున్న నలుగురైదుగురు వెనకాల నడిచారు. డైరెక్టరు గదికి ఇటుక గోడ లేచింది, తలుపు కోసం సందు వదిలారు. మంచం ఆ సందు దగ్గరికి వెళ్ళి రెండువైపులా ఇనుము గీసుకుని ఆగిపోయింది. వెనెత వెనక్కి లాగి మళ్ళీ తోసింది. మళ్ళీ ఆగింది.

"తలుపులు కూడానా?"

యావోర్ పడుకునే సమాధానం చెప్పాడు. "అదే మీటింగులో. తలుపు దారిని మూస్తుంది అని రాశాం. చిన్న తలుపూ మూస్తుందని..."

"ఎన్ని?"

"అన్నీ."

స్పాస్ అప్పుడే కప్పు దిగి వచ్చాడు, నడుముకు సుత్తి ఇంకా వేలాడుతోంది. వెనెత చెయ్యి చాపింది. అతను అడక్కుండానే ఇచ్చాడు.

"ఏం చేస్తున్నారు వెనెత గారూ," అన్నాడు కోస్తాదిన్. "అది నిన్ననే కట్టిన గోడ."

"నిన్న కట్టారు కాబట్టే ఇవాళ పడుతుంది. రేపు పూత వేస్తారు. ఎల్లుండికి ఇంతే కాబోలు అని అందరూ అలవాటుపడిపోతారు."

యావోర్ మోచేతి మీద లేవబోయాడు. ఆమె రెండో చేత్తో వాడి గుండె మీద అదిమి వెనక్కి పడుకోబెట్టింది.

"నువ్వు లేవకు. ఈ మంచం గదిలోకి పోయేదాకా నువ్వు లేవలేనివాడివి."

వాడు కళ్ళు మూసుకున్నాడు. ఆమె మొదటి ఇటుకను కొట్టింది.